తొందరపాటు స్వభావం – ఆ కొద్ది నిమిషాలు దాటితే

"ఎందుకలా చేశానో నాకే తెలియదు" – కోపం చల్లారాక చాలామంది అనే మాట ఇది. వెనకా ముందూ చూడకుండా, అనిపించిందే తడవుగా అనేయడం, చేసేయడం అనే స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రంలో ఇంపల్సివిటీ అంటారు. మనం తొందరపాటు అంటాం. ఇది జబ్బు కాదు. అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది, కొందరిలో ఎక్కువ.

కారణమేమిటి?

మెదడు ముందు భాగం బండికి బ్రేకు వంటిది. అది పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. అందుకే యువతలో దూకుడు ఎక్కువ. మద్యం, నిద్రలేమి ఈ బ్రేకును వదులు చేస్తాయి. కొన్ని మానసిక వ్యాధుల్లోనూ తొందరపాటు పెరుగుతుంది. వాటికి చికిత్స ఉంది.

ప్రమాదం ఎక్కడ?

ఇంట్లో మాటా మాటా పెరుగుతుంది, పురుగుమందు చేతికి అందుతుంది. ఇలాంటి సంఘటనల్లో చాలా వరకు ముందుగా అనుకుని చేసినవి కావు. ఆ తలంపు ఎంత వేగంగా వస్తుందో, చాలాసార్లు అంత వేగంగానే పోతుంది. శ్రీలంక 1995 నుండి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు సగానికి తగ్గింది. మనుషుల కోపతాపాలు పోలేదు, ప్రాణం తీసే విషం మాత్రం చేతికి దూరమైంది.

మనం చేయవలసినవి

1. పురుగుమందులు అవసరమైనంతే కొనండి. ఇంటికి దూరంగా, పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి బాధ్యత గల ఒక్కరి దగ్గరే ఉండాలి.

2. గొడవ ముదిరితే మాట ఆపండి. బాగా కలత చెందిన వారిని మాత్రం ఒంటరిగా వదలకండి.

3. తాగి ఉన్నవారితో అప్పులు, ఆస్తుల మాట ఎత్తకండి. తెల్లవారాక మాట్లాడండి.

4. "చచ్చిపోతాను" అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని, చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, మనసులో భారం దిగుతుంది.

5. ఎవరైనా మందు తాగితే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకురండి. పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటి వారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావిస్తుంది, శిక్షించమనదు.

మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. తొందరపాటు తన స్వభావమని అనిపించినవారు మా వైద్యులను కలవండి. ఆగి ఆలోచించడం సాధనతో ఎవరికైనా అలవడుతుంది.