‘అయిపోయింది’ అనే మాట గురించి



కళాశాలలో పెట్టిన ఎజైల్ అభ్యాసంలో మిగతా పిల్లలు చూస్తూ నిలబడగా జట్టు పని మొత్తం ఒక్కతే నెత్తిన వేసుకొని, ప్లాస్టిక్ ఇటుకల ఇళ్లన్నీ గడువులోపల కట్టి ముగించినట్లు, అయినా సారు మూడిళ్లను ఒప్పుకోనట్లు బిడ్డ రాసిన ఉత్తరం ఈ పెద్దబాపుకు దిగులు కలిగించింది. ఆ దిగులు మార్కుల గురించి కాదు.

ఎజైల్ అనే పేరు 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్ అనే చోట 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడి రాసుకున్న ప్రకటనతో స్థిరపడింది. అంతా చేసి చివర ఒక్కసారే అప్పగించే బదులు, కొంత చేసి, వాడేవారికి చూపి, వారి మాటను బట్టి దిద్దుకుంటూ సాగడం దాని సారం. అందులో ఎక్కువ వాడుకలో ఉన్న స్క్రమ్ పద్ధతిలో నెలకు మించని పని విడతను స్ప్రింట్ అనీ, చేయవలసిన పనుల వరుసను బ్యాక్‌లాగ్ అనీ, ఆ వరుసలో ఏది ముందో తేల్చే వ్యక్తిని ప్రొడక్ట్ ఓనర్ అనీ అంటారు. తరగతిలో ఆ నెలను కొన్ని నిమిషాలకు కుదించి ప్లాస్టిక్ ఇటుకలతో పట్టణం కట్టించడం పిల్లల ఆటలా కనిపించినా, చదివినప్పుడు అందరూ తలూపే నియమాలు నలుగురి చేతులు ఒకచోట పడగానే ఎక్కడ బెడిసికొడతాయో అక్కడే తెలుస్తుంది. అందువల్ల ఒక్కరే కట్టిన పట్టణం ఎంత బాగున్నా ఆ అభ్యాసం జరగనట్లే.

అసలు చిక్కు ‘అయిపోయింది’ అనే మాటలో ఉన్నది. గోడలు లేస్తే ఇల్లు అయినట్లా, తలుపూ కిటికీ పెడితేనా అన్నది మొదటి ఇటుక పట్టకముందే జట్టంతా కలిసి రాసుకోవాలి. స్క్రమ్‌లో దాన్ని డెఫినిషన్ ఆఫ్ డన్ అంటారు. అది లేనిచోట ఎవరి ‘అయిపోయింది’ వారిదే.

ఆ మాటను తొందరపడి అన్న అనుభవం పెద్దబాపుకూ ఉన్నది. పెద్దబాపు పడుచుతనంలో కరీంనగర్‌లో వెండి తీగ పని నేర్చుకున్న సంగతి ఇంట్లో తెలిసిందే. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఫిలిగ్రీ పనిలో సన్నని తీగలు రెండు మెలిపెట్టి, అణచి, చుట్టలు చుట్టి చట్రంలో నింపి, వెలిగారంతో టంకం పొడి చల్లి కాకపెడతారు. టంకం కరిగి ప్రతి చుట్టలోకీ పారినదాకా అది పని కాదు, కూర్పు మాత్రమే. ఒక కుంకుమ భరిణె మీది పువ్వులో చివరి రేకుకు కాక అందకముందే పొయ్యి దించి, పెద్దబాపు ‘అయిపోయింది’ అన్నాడు. పక్కన కూర్చున్న జోడీగానికి ఆ రేకు సంగతి తెలుసు, కానీ అడగలేదు, ఎందుకంటే పెద్దబాపు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. భరిణె కొన్నవారు వారంలోనే తెచ్చి తిరిగి ఇచ్చారు.

2020లో కరీంనగర్ మానేరు డ్యామ్ దగ్గర తెరిచిన ఐటీ టవర్‌లో కొలువు దొరికితే ఇంటికి దగ్గరగా ఉండవచ్చునన్న బిడ్డ ఆశ మంచిదే, పెద్దమ్మ ఇప్పటికే గది సర్దుతున్నది. అయితే అక్కడి పనీ జట్టుతోనే కాబట్టి, వచ్చే అభ్యాసంలో మొదటి స్ప్రింట్ ఓడిపోయినా సరే, ఆ చూస్తూ నిలబడ్డ పిల్లల్లో ఒకరి చేతికి ఇటుకలిచ్చి, మరొకరిని తలుపులు లెక్కపెట్టమని చెప్పి చూడాలి.

సంక్రాంతి సకినాలతో పాటు ఆ భరిణెనూ పంపడమైనది. మూత మెల్లగా తీయాలి, ఆ రేకు ఇంకా ఊగుతూనే ఉన్నది.