సందేహాలు – సమాధానాలు: పండుగ బొరుగులు, తండ్రి ఆస్తి, పసుపుతాడు

ఐ.సి.ఎఫ్. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేస్తున్నాను. ఏటా ఆయుధపూజకు షాపులో మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అందరికీ బొరుగులు, పుట్నాలు, బెల్లం పొట్లాలు పంచుతారు. వద్దంటే తోటివాళ్లు నొచ్చుకుంటారు. తీసుకుంటే సంఘ పెద్దలు తప్పంటారు. ఏం చేయమంటారు?
– ఒక విశ్వాసి, పెరంబూరు

కొరింథు విశ్వాసులు పౌలును అడిగింది దాదాపు ఇదే. ఆ ఊళ్లో దేవతలకు అర్పించిన మాంసంలో కొంత కటిక అంగళ్లకు వచ్చేది. గుడి ఆవరణల్లో విందుగదులు కూడా ఉండేవి. అక్కడి అస్క్లేపియస్ గుడి తవ్వకాల్లో అలాంటివి మూడు బయటపడ్డాయి. ఒక్కో గదిలో గోడల వెంట పదకొండు మంది ఒరిగి భోంచేసేందుకు ఏర్పాటు ఉంది. అలాంటి విందుకు రానన్నవాడికి బంధువుల్లోనూ వృత్తిలోనూ చోటు కష్టమయ్యేది.

పౌలు అన్నిటికీ ఒకే మాట చెప్పలేదు. అంగట్లో కొన్నదాన్ని ఆరా తీయకుండా తినమన్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినమన్నాడు. అయితే ‘ఇది బలి ఇచ్చింది’ అని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. గుడి పంక్తిలో మాత్రం కూర్చోవద్దన్నాడు (1 కొరింథీ 8, 10 అధ్యాయాలు).

మీ షాపు సంగతికి వస్తే, పూజలో నిలబడి హారతి కళ్లకద్దుకోవడం వేరు, పూజ ముగిశాక పనిబల్ల మీదికి వచ్చే పొట్లం వేరు. మొదటిది మీకు కుదరదు. రెండోదాని విషయంలో మీ పక్కన ఎవరున్నారో చూసుకోండి. ఆ పూజల్లోంచి నిన్నగాక మొన్న బయటికి వచ్చి బాప్తిస్మం తీసుకున్నవాడు మిమ్మల్ని చూసి తడబడతాడనుకుంటే మానేయండి. ఎనిమిదో అధ్యాయం రాసింది అలాంటివాడి కోసమే. మానేటట్లయితే ముందురోజే మేస్త్రీతో మర్యాదగా చెప్పుకోండి. నలుగురిలో పొట్లం వెనక్కి తోసి దాన్ని సాక్ష్యం అనుకోవద్దు.

తప్పిపోయిన కుమారుడి కథ చెబుతుంటే ఒక పిల్లవాడు, “వాటా అడిగితే తప్పేముంది టీచర్? మా బాబాయి కూడా తాతయ్యని అడిగి పంచుకున్నాడుగా!” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.
– సండే స్కూలు టీచరు, సెంబియం

ఆ పిల్లవాడు మన నేల మీది న్యాయమే మాట్లాడాడు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ప్రకారం తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు ఉంది. తండ్రి బతికుండగానే పంచమని అడగొచ్చు. దక్షిణాదిలో శతాబ్దాలుగా కుటుంబాలు నడిచింది దాని మీదే. అందుకే మనకు ఆ చిన్నకొడుకు దుబారా మనిషిగా కనిపిస్తాడు గానీ, అడగడమే నేరంగా తోచదు.

యేసు కథ విన్నవాళ్ల లెక్క వేరు. ధర్మశాస్త్రం ప్రకారం పెద్దకొడుక్కి రెండు పాళ్లు (ద్వితీ 21:17). అంటే ఇద్దరు కొడుకులుంటే చిన్నవాడిది మూడోవంతు. అదైనా మామూలుగా తండ్రి పోయాకే. బతికుండగా ఆస్తి పంచి పిల్లల చేతికింద పడవద్దని కతోలిక బైబిల్లోని సీరా గ్రంథం తండ్రులను గట్టిగానే హెచ్చరిస్తుంది (33వ అధ్యాయం). కాబట్టి ఆ అడగడం ‘నువ్వెప్పుడు పోతావు నాన్నా?’ అన్నంత పని. పైగా అంతా సొమ్ము చేసుకుని దూరదేశం పోయాడు.

ఇది తెలిస్తే, తిరిగొచ్చిన కొడుకును చూసి తండ్రి తీసిన పరుగు అర్థమవుతుంది. ఆ సమాజంలో ఇంటి పెద్ద నిలువుటంగీ ఎత్తిపట్టి, పిక్కలు కనబడేలా వీధిలో పరుగెత్తడమంటే పరువు తీసుకోవడమే. కొడుకు తీసిన పరువు చాలదన్నట్టు, మిగిలింది తనే వదులుకున్నాడు. మీ పిల్లలకు ముందు మన పంపకాల పద్ధతి చెప్పి, తర్వాత వాళ్ల పద్ధతి చెప్పండి. మిగతాది వాళ్లే పట్టుకుంటారు.

మా కోడలు ప్రార్థనలో చెంగు నెత్తిన వేసుకోదు. వాక్యంలో ఉంది కదా?
– ఒక అత్తగారు, వ్యాసర్పాడి

ఉందమ్మా, 1 కొరింథీ 11లో. కొరింథు అప్పటికి రోమన్ పట్టణం. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టిన ఊరు. రోమన్ మగవాళ్లు బలి ఇచ్చేటప్పుడు తమ వస్త్రం అంచును తలమీదికి లాక్కునేవారు. అలా కప్పుకున్న అగస్టస్ విగ్రహం ఆ ఊళ్లోనే దొరికింది. మగవాళ్లు తల కప్పుకోవద్దని పౌలు అనడం వెనక ఇదీ ఉండవచ్చు. అక్కడ పెళ్లైన ఆడవాళ్లకు ముసుగు గౌరవానికి గుర్తు. మన వైపు హిందూ ఆడవాళ్లు గుళ్లో చెంగు కప్పుకోవడం తక్కువ. ఇక్కడ అది క్రైస్తవ స్త్రీ గుర్తుగా మారింది. కప్పుకుంటే మంచిదే, కోడలిని ఇష్టంగా ఒప్పించండి. అయితే అదే అధ్యాయం స్త్రీలు సంఘంలో ప్రార్థన చేస్తారని, ప్రవచిస్తారని ముందే ఒప్పుకుంటోంది. చెంగు కోసం పట్టుబట్టే సంఘం ఆ మాటనూ పట్టించుకోవాలి.

మేము బాప్టిస్టులం. అమ్మాయికి కతోలిక కుటుంబంలో సంబంధం కుదిరింది. వాళ్లు సిలువ బిళ్లతో తాళి కట్టాలంటున్నారు. మావాళ్లు ‘అది అన్యాచారం, ఉంగరాలు చాలు’ అంటున్నారు.
– ఒక తండ్రి, అయనావరం

ఉంగరం మాత్రం బైబిల్ పెళ్లిదా? అది రోమన్లు నిశ్చితార్థానికి తొడిగిన ఉంగరం. సంఘం దాన్ని తర్వాత తనది చేసుకుంది. ఇక తాళి మీద తగాదా మన గడ్డ మీద మూడు వందల ఏళ్ల కిందటిదే. 1704లో పోపు ప్రతినిధి టూర్నోన్ పుదుచ్చేరిలో ఇచ్చిన ఆజ్ఞలో, పిళ్ళైయార్ (వినాయకుడి) రూపం ఉన్న తాళినీ, 108 పోగుల పసుపుతాడునూ క్రైస్తవులు వాడకూడదన్నాడు. కానీ తాళినే తీసేయమనలేదు. సిలువ, లేదా యేసు, మరియల రూపం ఉన్న బిళ్ల కట్టుకోవచ్చన్నాడు. మీ వియ్యాలవారు అడుగుతున్నది అదే.

మన వీధుల్లో ‘ఈమెకు పెళ్లైంది’ అని ఉంగరం కన్నా తాళే గట్టిగా చెబుతుంది. కాబట్టి కట్టించండి, అభ్యంతరం లేదు. కానీ తాళితో పాటు నడిచే ఇంకో ఆచారం ఉంది. భర్త పోయిన రోజు నలుగురిలో ఆమె మెడలోది తీసేయడం, ఆ తర్వాత శుభకార్యాల్లో వెనక నిలబెట్టడం. క్రైస్తవ ఇళ్లలోనూ ఇది జరుగుతోంది. విధవరాండ్రను సన్మానించమన్న వాక్యం (1 తిమోతి 5:3) మన ఇళ్లకే. తాంబూలాలు మార్చుకునేటప్పుడే, రెండు కుటుంబాల పెద్దలూ కూర్చుని ఆ ఆచారం మన ఇళ్లలో జరగదని మాట ఇచ్చుకోండి.