మూతికి సొంతం, కాళ్లకి అద్దె

చి. సౌ. మాధురికి,


నిన్న ఫోనులో నువ్వడిగింది ఒక్క ముక్క. డిసెంబరు క్రూయిజుకి స్నార్కెలింగ్ సామాను కొని పట్టుకెళ్లాలా, దిగిన చోట అద్దెకి తీసుకోవాలా అని. నేను నోరు తెరిచేలోపు నీ కుక్కర్ కూసింది, నీ కొడుకు ఏదో పడేశాడు, ఫోను పెట్టేశావు. తీరిగ్గా రాస్తే నీకూ మళ్లీ చూసుకోవడానికి ఉంటుందని కూర్చున్నాను.

మాస్కూ, ఊపిరి గొట్టమూ ఎవరివి వాళ్లకి కొను. కాళ్లకి వేసుకునే ఫిన్సూ, లైఫ్ జాకెట్టూ అక్కడివే తీసుకో. నా జవాబు ఇంతే. ఇది నేను పుట్టుకతో నేర్చింది కాదు, ఉప్పునీళ్లు మింగి నేర్చుకున్నది.

మేము మొదటిసారి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లినప్పుడు చేతులు ఊపుకుంటూ వెళ్లాం. పడవ టికెట్లోనే సామానంతా ఇస్తారు కదా, ఇంకా మోసుకెళ్లడం దేనికని మీ పెదనాన్న వాదన. పడవలో ఒకబ్బాయి బకెట్టులో మందునీళ్లలోంచి గొట్టాలు తీసి తలా ఒకటి పంచాడు. నాకొచ్చిన దాని మూతిభాగం మీద ఎవరివో పంటిగాట్లు. ఎంగిలి గ్లాసుతో నీళ్లిస్తే పెరట్లో పారబోసే అమ్మ కడుపున పుట్టానమ్మా నేను. మందునీళ్లలో ముంచారు, రోగం ఏమీ రాదు, బుద్ధికి అది తెలుసు. నాలుక ఒప్పుకోదే! కళ్లు మూసుకుని పెట్టుకున్నాను.

అసలు కథ అది కాదు. మాస్కు నా ముఖానికి వెడల్పయింది. నీళ్లలో తల పెట్టగానే ముక్కు పక్కనుంచి నీరు కారడం మొదలైంది. తల ఎత్తి పారబోసుకోవడం, మళ్లీ పెట్టుకోవడం, మళ్లీ ఎత్తడం. నీళ్లలో ఉండేది గంటసేపు. అందులో సగం నేను ఆకాశం చూస్తూనే గడిపాను. మీ పెదనాన్నది ఇంకో బాధ. ఆయన మీసం నీకు తెలుసుగా. మాస్కు అంచు చర్మాన్ని అంటుకుంటేనే నీరు ఆగుతుంది, మధ్యలో ఆ మీసం గడ్డివాములా అడ్డుపడింది. పైకొచ్చాక పక్కావిడ తాబేలును చూశానని మురిసిపోతుంటే, ఈయన "ఆఁ, పెద్దదే" అని తలూపారు. ఆయనకి తాబేలు కాదు కదా, తన చెయ్యి కూడా కనబడలేదని నాకు తెలుసు. పడవవాళ్ల తప్పేం లేదు. ఇరవై మందికి ఇరవై ముఖాలు, వాళ్ల దగ్గర ఉన్నది ఒకే రకం సరుకు.

అందుకని మాస్కు కొనేటప్పుడు ధర చూడకు, ముఖం చూడు. పట్టీ వెనక్కి తగిలించకుండా ఊరికే ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, చేతులు వదిలెయ్యాలి. కింద పడకుండా అంటుకుని ఉంటే అది నీది. జుట్టు ఒక్క పోగు కూడా అంచు కింద ఉండకూడదు. బొట్టుబిళ్ల తీసెయ్యి; నాది ఊడి మాస్కులోనే తేలుతూ తిరిగింది, చేపేమో అనుకున్నాను. అద్దం టెంపర్డ్ గాజుదీ, అంచు సిలికానుదీ అయితే చాలు, అంతకుమించి షోకులు అక్కర్లేదు. ముఖమంతా కప్పే ఫుల్‌ఫేస్ మాస్కు మాత్రం వద్దు. మామూలు గొట్టంలో నీళ్లొస్తే నోట్లోంచి ఉమ్మేసి తల ఎత్తొచ్చు. అందులో ఏదైనా తేడా వస్తే ముందు మొత్తం ఊడబీక్కోవాలి. గాభరాలో అది అయ్యే పని కాదు.

నీకు సొంతం ఉండి తీరాలనడానికి ఇంకో కారణం నీ కళ్లద్దాలు. కళ్లజోడు మీద మాస్కు పెట్టుకోలేవు, కాడల సందులోంచి నీళ్లొచ్చేస్తాయి. కాంటాక్ట్ లెన్సులతో సముద్రంలో దిగితే కంటికి ఇన్ఫెక్షన్ భయం. మైనస్ పవరుకి సరిపడే రెడీమేడ్ అద్దాలు బిగించిన మాస్కులు అర పాయింటు చొప్పున దొరుకుతాయి. అద్దెకిచ్చే వాళ్ల దగ్గర అవి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకు. నీకున్న సిలిండర్ పవరు వాటిలో రాదు గానీ ఫరవాలేదు. నీటిలో వస్తువులన్నీ మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి, ఆ మాత్రం లోటు సముద్రమే తీరుస్తుంది. బుజ్జిగాడిది కూడా తప్పకుండా కొను. ఏడేళ్ల ముఖానికి సరిపోయేది అద్దె డబ్బాలో దొరకడం లాటరీయే. పిల్లాడికి మొదటిసారి ముక్కులోకి నీళ్లు పోతే ఇక నీళ్ల మొహం చూడడు.

కొన్నాక అలాగే పెట్టెలో పెట్టెయ్యకు. కొత్త అద్దం మీద కంటికి కనబడని పొర ఒకటి ఉంటుంది. అది పోకపోతే నీళ్లలో దిగిన రెండు నిమిషాలకే మంచు పట్టినట్టు మసకేస్తుంది. తెల్ల టూత్‌పేస్టు, జెల్ కాదు సుమా, అద్దం లోపలివైపు వేలితో రుద్ది కడుగు. ఇత్తడి సామాను తోమినట్టు రెండు మూడుసార్లు. ఆ తరువాత దిగే ముందు ఒక్క చుక్క బేబీ షాంపూ రాసి తొలిపితే చాలు.

ఇంకా ముఖ్యమైంది: బయల్దేరే ముందు రెండు వారాలు మీ ఈతకొలనులో అలవాటు చెయ్యి. గుండెలోతు నీళ్లలో నిలబడి, ముఖం ముంచి, నోటితో ఊపిరి తియ్యడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ముక్కు ఊరుకోదు. గొట్టంలో నీళ్లు పడితే "టూ" అని గట్టిగా ఊదడం. మాస్కులో పడితే పై అంచు నొక్కిపట్టి, తల కాస్త పైకెత్తి, ముక్కుతో గాలి వదలడం. ఈ మూడూ వచ్చినవాళ్లకి సముద్రం భయపెట్టదు. సొంతం కొనమని నేను పోరడం అసలు ఇందుకే. అద్దె సామానుతో ముందుగా అలవాటు చేసుకోలేం. కదిలే పడవ మీద, ఎవరో తొందరపెడుతుంటే, కొత్త వస్తువుతో మొదటిసారి నేర్చుకోవాల్సి వస్తుంది.

ఇక ఫిన్స్. మయామీలో ఓడ ఎక్కిన ఏడాది నలుగురికీ కొన్నాను. విమానంలో సగం పెట్టె వాటికే, కౌంటరు దగ్గర బరువెక్కువైతే నా చీరలు తీసి చేతిసంచిలో కుక్కుకున్నాను. ఇప్పుడవి మా గరాజులో బొమ్మలకొలువు మెట్ల వెనకాల ఉన్నాయి. మీరు డాలస్ నుంచి గాల్వెస్టన్‌కి కారులో వెళ్తారు కాబట్టి ఆ బాధ లేదు, కావాలంటే పట్టుకెళ్లు. కానీ కాళ్లకి కొంచెం బిగువైనా వదులైనా పని జరుగుతుంది, ముఖానికి జరగదు. పిల్లలకైతే ఏడాదికో సైజు.

లెక్క కూడా చెబుతాను, మీ ఆయన అడుగుతాడు. మేము వెళ్లిన చోట్ల మనిషికి పది, పదిహేను డాలర్లు అద్దె తీసుకున్నారు. మంచి మాస్కూ గొట్టమూ కలిపి నలభై, యాభై డాలర్లు. మీ ఓడ ఆగే హోండురాస్ దీవి రోటాన్‌లో వెస్ట్ బే ఒడ్డునుంచే దిగి చూడొచ్చు, అక్కడ అద్దె విడిగా కట్టాలి. కోజుమెల్‌లో పలంకార్, కొలంబియా పగడపు దిబ్బలకి పడవ టికెట్‌తోనే సామానిస్తారు. మొత్తం మీద ఈ ఒక్క ట్రిప్పులో మిగిలేదేమీ లేదు. మళ్లీ మళ్లీ వెళ్తేనే మిగులుతుంది. డబ్బు ఒక్కటే చూస్తే ఈసారికి అద్దే చవక.

ఎవరి దగ్గరైనా అద్దెకి తీసుకుంటే గుర్తింపు కార్డు అడగొచ్చు. మీతో వచ్చే మీ అమ్మానాన్నల పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకు. గడియారం సంగతి కూడా గుర్తుంచుకో. కోజుమెల్ ఉన్న క్వింటానా రూ రాష్ట్రంలో 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకటే టైము, అంచేత డిసెంబరులో కోజుమెల్ టెక్సాస్‌కి గంట ముందుంటుంది. పడవవాడు పదింటికి రమ్మంటే ఓడ గడియారంలో తొమ్మిదే కావచ్చు. ఓడ ఏ టైము పాటిస్తోందో ఆ పూట మైకులో చెప్పేది శ్రద్ధగా విను. చలికాలంలో ఉత్తరపు గాలులు లేస్తే చిన్న పడవలని అసలు కదలనివ్వరు. అలాంటప్పుడు సొమ్ము తిరిగిస్తారో లేదో టికెట్ కొనేముందే అడిగి తెలుసుకో.

మీ నాన్న సంగతికి వస్తాను. "రాజమండ్రిలో గోదావరి ఈదినవాణ్ణి, నాకు లైఫ్ జాకెట్టా?" అంటాడు. అంటాడని నాకు ఇప్పుడే వినబడుతోంది. కోజుమెల్ దగ్గర నీరు మామూలుగా దక్షిణం నుంచి ఉత్తరానికి లాగుతుంది. అందుకే పడవవాళ్లు ఒకచోట దింపి ఇంకోచోట ఎక్కించుకుంటారు. ఆయన ఈదింది పదహారో ఏట, ఇప్పుడు అరవై రెండు, బీపీ మాత్ర రోజూ వేసుకుంటాడు. గొట్టంలోంచి ఊపిరి తియ్యడం గుండెకి, ఊపిరితిత్తులకి మామూలు కంటే ఎక్కువ శ్రమ. డాక్టరునొకసారి అడిగి దిగమను. జాకెట్టు విషయంలో బేరం లేదు. ఆయాసం వస్తే వెంటనే చెయ్యి ఎత్తాలి, మొహమాటపడకూడదు.

సన్‌స్క్రీన్ బదులు అందరికీ పొడుగు చేతుల ఈతచొక్కాలు కొను. అవి సొంతమే ఉండాలి. క్రీము పగడాలకి మంచిది కాదు, దానికితోడు నుదుటి మీంచి కారి కళ్లు మండిస్తుంది. తలకి నూనె కూడా ఆ పూటకి మానెయ్యి, మాస్కు పట్టీ జారిపోతుంది. రోటాన్‌లో వాడిన సామాను క్యాబిన్ షవరులో మంచినీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరాకే కోజుమెల్‌లో దింపు. 2014లో ఫ్లోరిడాలో మొదలైన ఒక పగడాల రోగం 2018లో మెక్సికో కరీబియన్ తీరానికి కూడా పాకింది. మనం ఒకచోటి తడిని ఇంకోచోటికి మోసుకెళ్లకపోవడమే మేలు. ఆరబెట్టడం స్నానాలగదిలోనే, బాల్కనీ కమ్మీ మీద కాదు. గాలికి ఎగిరితే ఇక అది చేపలకే.

మీరు ఎక్కే ముందురోజు రాత్రి హ్యూస్టన్‌లో మా ఇంట్లోనే ఆగండి. పులిహోర చేసి పెడతాను, ఓడలోకి ఇంటి వంట రానివ్వరు, పొద్దున్న ఇక్కడే తినేసి బయల్దేరాలి. మీ పెదనాన్న మాస్కు మీ నాన్నకి సరిపోతుందేమో ఆ రాత్రి పెట్టి చూద్దాం. మీ నాన్న మీసం ముక్కు కింద ఓ గీత మేర తీస్తే చాలు, మొత్తం తియ్యక్కర్లేదు. ఆ మాట నీ మాటగా చెప్పకు, కోప్పడతాడు. వదిన చెప్పిందని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ