వెండి రూపాయి: నిజమును తేల్చు విధము

"తెల్లనివన్నీ పాలు కావు" అను పెద్దల మాట ఈ కాలమున వెండి నాణెముల విషయమున అక్షరాల నిజమగుచున్నది. నేడు ఇంట కూర్చుండి, సెల్‌ఫోనులో బొమ్మ చూచి, ముఖమెరుగని అమ్మకందారునికి డబ్బు పంపి, పాత వెండి రూపాయలను తెప్పించుకొనుట సామాన్యమైనది. మా విద్యార్థులలోను ఈ అలవాటు పెరుగుచున్నందున, అసలు నాణెమును నకిలీ నాణెమునుండి వేరుపరచు మార్గమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఇందుకు ప్రేరణ ఒక చిన్న సంఘటన. మా కళాశాల విద్యార్థి ఒకడు ఒంగోలు సమీప గ్రామమునుండి వచ్చుచుండును. మిరప ధర పడిపోయిన ఒక సంవత్సరమున వారి ఇంట దాచిన వెండి రూపాయలను అమ్ముకొనవలసి వచ్చినది. నానమ్మ ఒక్క రూపాయిని మాత్రము కొంగున కట్టి మిగుల్చుకొన్నది. అక్క పెండ్లినాటికి ఆ లోటు తీర్చవలెనని ఈ బాలుడు తన ఉపకార వేతనముతో ఆన్‌లైన్‌లో అయిదు రూపాయలు కొనెను. పార్సెల్ రాగానే నానమ్మ చేత పెట్టెను. ఆమె ఒక దానిని అరచేతిలో ఎగురవేసి, "ఇది మన రూపాయి కాదు నాయనా, తేలికగా ఉన్నది" అన్నదట. మరునాడు అతడు ఆ అయిదింటిని, నానమ్మ రూపాయిని తీసికొని మా వద్దకు వచ్చెను. చదువురాని ఆ వృద్ధురాలి మాట ఎంత శాస్త్రీయమో పిమ్మట మా కళాశాల ప్రయోగశాలలోని త్రాసు నిరూపించినది.

తులము, రూపాయి

రూపాయి మొదటినుండియు ఒక తూకము. షేర్‌షా (1540-1545) వేయించిన రూపాయి సుమారు 178 గ్రెయిన్ల వెండి. 1833లో ఈస్టిండియా కంపెనీ 180 గ్రెయిన్లను, అనగా 11.66 గ్రాములను, తులముగా నిర్ణయించినది. 1835లో తన ఏలుబడి అంతటికి ఒకే రూపాయిని అదే బరువుతో ప్రవేశపెట్టినది. అందు పన్నెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. మన పెద్దలు చెప్పు తులము ఈ రూపాయి బరువే. మన భాషలో నాణెము, నాణ్యత అను మాటలు దగ్గరి చుట్టములు. నాణెములను పరీక్షించు షరాబు పేరు అరబ్బీ పదమైన సరాఫ్ నుండి వచ్చినది. అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో టంకశాలను, సరాఫు పనిని ప్రత్యేకముగా వర్ణించెను. పరీక్షించి తీసికొనుట మనకు క్రొత్త కాదు. దూరమునుండి కొనుటయే క్రొత్త.

అయితే ఒక్క కొలత అన్నిటికి చెల్లదు. 1940 నుండి రూపాయిలో వెండి సగమునకు తగ్గినది, బరువు మాత్రము మారలేదు. నకిలీలను అరికట్టుటకు ఆ నాణెముల అంచునకు ప్రత్యేకమైన చెక్కడమును చేర్చిరి. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చినది. నిజాం సంస్థానపు హాలీ సిక్కా రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి దాదాపు 82 పాళ్ళు. అది 11.66 తూగలేదని దానిని నకిలీ అనుట తప్పు.

అక్షరములు చెప్పు సాక్ష్యము

నకిలీ చేయువాడు లోహము నెరుగునేమో గాని చరిత్ర నెరుగడు. విక్టోరియా పేరుతో 1840లో వచ్చిన రూపాయిపై కంపెనీ పేరు, పారసీ లిపిలో 'యక్ రూపియా' అను మాట ఉండును. 1862 నుండి కంపెనీ పేరు పోయి ఇండియా అని వచ్చినది. కావున 1862 అని సంవత్సరము, కంపెనీ పేరు ఒకే నాణెముపై కనబడినచో దానిని విడిచిపెట్టవలెను.

1818 అను సంవత్సరము, కంపెనీ పేరు, రెండవ వైపు శ్రీరామ పట్టాభిషేకము గల బిళ్ళలు విరివిగా అమ్మబడుచున్నవి. కంపెనీ అట్టి అణాలను వేయలేదు. అవి పూజకో, వేడుకకో చేసిన బిళ్ళలు మాత్రమే. మద్రాసు వరహాలపై విష్ణుమూర్తి ఉన్న మాట నిజము. 1808 నాటి వెండి అర వరహాపై గోపురము, విష్ణుమూర్తి, ఇంగ్లీషు, పారసీ, తమిళములతోపాటు మన తెలుగు అక్షరములును కలవు. కాని దానికిని ఈ బిళ్ళలకును సంబంధము లేదు.

హైదరాబాదు రూపాయి విషయమున ఉర్దూ చదివిన మా విద్యార్థులకు గొప్ప సౌలభ్యము కలదు. చార్మినారు ద్వారము నడుమ మహబూబ్ అలీ ఖాన్ కాలమున 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున 'ఐన్' అను అక్షరము ఉండును. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె నెక్కినది 1911లో, అనగా హిజ్రీ 1329లో. అంతకు పూర్వపు హిజ్రీ సంవత్సరముతో ఐన్ అక్షరము కనబడినచో అనుమానింపవలెను.

తూకము, నీరు

కన్ను మోసపోవచ్చును. నీరు అంత సులభముగా మోసపోదు. ఆర్కిమిడీస్ చూపిన ఈ సూత్రమును పదునొకండవ శతాబ్దిలో అల్ బిరూనీ లోహములకు, రత్నములకు అన్వయించి కొలతలు తీసెను. అల్ ఖాజినీ 1121 ప్రాంతమున రచించిన మీజానుల్ హిక్మాలో లోహములలోని కల్తీని పట్టు త్రాసును వర్ణించెను. నేడు అదే పరీక్షను ఏ విద్యార్థియైనను చేయవచ్చును.

గ్రాములో నూరవ వంతును చూపు చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కావలెను. మొదట నాణెమును తూచి బరువు వ్రాసికొనవలెను. పిమ్మట సగము నీరు పోసిన గ్లాసును త్రాసుపై ఉంచి, అంకెను సున్నా చేయవలెను. నాణెమును సన్నని దారమున కట్టి, గ్లాసు అడుగునకు గాని ప్రక్కలకు గాని తగులకుండ, పూర్తిగా మునుగునట్లు వ్రేలాడదీయవలెను. గాలి బుడగలు అంటియుండరాదు. అప్పుడు త్రాసు చూపు అంకె, నాణెము తొలగించిన నీటి బరువు. మొదటి బరువును ఈ అంకెతో భాగించినచో సాంద్రత వచ్చును.

శుద్ధమైన వెండి సాంద్రత 10.49, రాగి 8.96. రాగి, నికెల్, తుత్తునాగములతో చేయు జర్మన్ సిల్వర్‌లో పేరునకే గాని వెండి లేదు. దాని సాంద్రతయు ఇత్తడి సాంద్రతయు సుమారు ఎనిమిదిన్నర. మేము లెక్క కట్టగా, 1940కి పూర్వపు రూపాయికి సాంద్రత సుమారు 10.3, హాలీ రూపాయికి 10.2, సగము వెండి రూపాయికి 9.5 రావలెను.

నానమ్మ రూపాయి 1918 నాటి అయిదవ జార్జి నాణెము. అరిగినందున 11.55 గ్రాములు తూగినది, 1.12 గ్రాముల నీటిని తొలగించినది. సాంద్రత 10.3. క్రొత్తగా వచ్చిన వానిలో ఒకటి 10.20 గ్రాములు తూగి, 1.20 గ్రాముల నీటిని తొలగించినది. సాంద్రత 8.5. మిగిలిన నాలుగును దాని తోబుట్టువులే. మరియొక వింత. సంవత్సరములు వేరైనను అయిదింటిపైనను రాజు చెవి క్రింద ఒకే చోట ఒకే నొక్కు. వేర్వేరు చేతులలో అరిగిన నాణెములకు ఒకే గాయము కలుగదు. అది అచ్చునుండి వచ్చిన గుర్తు.

ఇతర పరీక్షలు

అయస్కాంతమునకు అంటుకొన్నచో అది వెండి కాదు. కాని అంటుకొననంత మాత్రమున వెండి అని చెప్పరాదు, ఇత్తడియు అంటుకొనదు. మ్రోగించినప్పుడు వెండి చాలసేపు పలుకును. అయితే బీట వారిన అసలు నాణెమును సరిగా పలుకదు. అంచున అతుకు గీత, ఆకురాయి గీతలు, ముఖమున సన్నని రంధ్రములు, మెత్తబడిన అక్షరములు పోత పోసిన దానికి చిహ్నములు. అంగళ్ళలోని ఎక్స్-రే యంత్రము పైపొరను మాత్రమే చూచును గనుక వెండి పూతకు మోసపోవచ్చును. సీసము కలిపి సాంద్రతను సరిచేయు నేర్పరులును ఉందురు గనుక బరువు, వ్యాసము, అంచు, అక్షరములు అన్నియు కలిపి చూడవలెను. ఆమ్లము పోయుట, గీటురాయిపై రుద్దుట అసలు నాణెమును పాడుచేయును.

కొనుటకు ముందు

మొదట ధరను పరిశీలింపవలెను. 1940కి పూర్వపు రూపాయిలో 10.69 గ్రాముల శుద్ధమైన వెండి కలదు. ఆనాటి వెండి ధరతో గుణించిన మొత్తముకన్న తక్కువకు ఎవరును అసలు రూపాయిని అమ్మరు. అరుదైన 1939 నాటి రూపాయి చౌకగా వచ్చుచున్నదన్నను నమ్మరాదు.

రెండు ముఖముల, అంచు ఫోటోలను, త్రాసుపై ఉంచిన వీడియోను అడుగవలెను. బరువును, తిరిగి తీసికొను షరతును వ్రాతలో పొందవలెను. అమ్మకపు వేదికను దాటి నేరుగా డబ్బు పంపరాదు. మా విద్యార్థి చేసిన పొరపాటు ఇదియే, అందుచేతనే అతని సొమ్ము తిరిగి రాలేదు. పార్సెల్ విప్పునప్పుడు వీడియో తీసి, ఆనాడే తూచవలెను. మోసము జరిగినచో వినియోగదారుల సహాయమునకు 1915, డబ్బు పంపిన మోసములకు 1930 అను నంబర్లు కలవు.

"పొలము దున్నగా దొరికినవి" అను కథకు లోబడరాదు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువ మించిన నిక్షేపమును కలెక్టరుకు తెలుపవలెను. కావున ఆ మాట అబద్ధమైనను కావలెను, నేరమైనను కావలెను. మీ పాత నాణెమునకు లక్షలిత్తుము, ముందు రుసుము కట్టుడని రిజర్వు బ్యాంకు పేరు చెప్పువారిని గూర్చి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది.

విద్యార్థి మిత్రులారా! బొమ్మ నాణెము ముఖమును మాత్రమే చూపును. దాని సత్యము తూకములో ఉన్నది. తూచి చూచుటకు, తిరిగి ఇచ్చుటకు వీలులేని చోట కొనకుండుటయే వివేకము. ఆ బాలుడు పెండ్లికి రూపాయలు సమకూర్చలేకపోయెను. నానమ్మ తన కొంగున మిగిలిన ఒక్క రూపాయినే మనుమరాలి చేతిలో పెట్టినది. అది అరిగినదే, కాని అసలుది.