ఒంటి ఫ్లైవీలా, జంట ఫ్లైవీలా?

మూడు నాలుగు రబ్బరు బ్యాండ్లను గొలుసుగా ముడివేసి, చివర చిన్న రాయి కట్టి వేలాడదీయండి. చేతిని మెల్లగా పైకీ కిందికీ కదిలించండి. రాయి చేతితోపాటే కదులుతుంది. వేగం పెంచుతూ పొండి. ఒక వేగం దగ్గర రాయి విపరీతంగా ఎగురుతుంది. ఇదే అనునాదం. ఇంకా వేగంగా ఊపితే చిత్రం! చెయ్యి ఊగుతున్నా రాయి దాదాపు నిశ్చలంగా ఉంటుంది.

నాలుగు సిలిండర్ల కారు ఇంజను చుట్టుకు రెండు తోపులు ఇస్తుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగితే సెకనుకు సుమారు 27 తోపులన్నమాట. ఈ కుదుపులను తగ్గించేది, ఇంజనుకూ క్లచ్‌కూ నడుమ ఉండే బరువైన ఫ్లైవీల్. పూర్వం ఇది ఒకే ఇనుప చక్రం. 1980ల మధ్య నుండి కార్లలో జంట ఫ్లైవీల్ కూడా వాడుతున్నారు. ఇందులో రెండు చక్రాలు, వాటి నడుమ స్ప్రింగులు ఉంటాయి. ఇంజను వైపు చక్రం మీ చెయ్యి అనుకోండి. స్ప్రింగులు రబ్బరు, గేర్‌బాక్సు వైపు చక్రం రాయి. ఇంజను మామూలుగా తిరిగే వేగాల కంటే అనునాద వేగం తక్కువగా ఉండేట్లు దీనిని తయారుచేస్తారు.

క్లచ్ మార్చేటప్పుడు జంట ఫ్లైవీల్ పాడైందని తేలితే ఏది వేయించాలి? ఒంటి ఫ్లైవీల్ చవక. అరిగినా నునుపు చేయించి వాడవచ్చు. కాని జంట ఫ్లైవీల్‌కు తగినట్లు తయారైన కారులో, ముఖ్యంగా డీజిలు కారులో, దానిని బిగిస్తే కుదుపులు గేర్‌బాక్సుకు చేరి పళ్ళు కటకటలాడతాయి, త్వరగా అరగవచ్చు. అందుచేత కారు దేనితో తయారైందో దానినే వేయించడం మేలు. కుదుపు మాయమైపోదు, దాన్ని స్ప్రింగు భరించకపోతే గేరు భరించాలి.

జంట ఫ్లైవీల్ ఉన్న కారులో ఇంజను ఆగే క్షణంలో ఒక్కసారి అదురు ఎందుకు పుట్టవచ్చు? రాయిని మళ్ళీ ఊపి చూసి చెప్పండి!