ఎంత మేరకు? ఎంతవరకు? – ఒక భాషాపాఠము

1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో నౌక నేటాలు తీరమును చేరినది. 1911 వరకు సాగిన ఆ వలసలో తెలుగువారెందరో ఒప్పందపు కూలీలై చెరకు తోటలకు వచ్చిరి. వారి సంతతివారిలో పెక్కుమందికి నేడు ఇంటిభాష ఆంగ్లమే. కావున తెలుగు నేర్చు విద్యార్థి ముందు ఆంగ్లమున తలచి, పిదప తెలుగున పలుకును. అప్పుడు చిక్కుపెట్టు మాటలలో 'ఎక్స్‌టెంట్' ఒకటి. దానికి తెలుగున ఒక్క మాట చాలదు. సందర్భమును బట్టి మాట మారును.

1. వైశాల్యము: భూమి కొలతకు 'విస్తీర్ణము' అనవలెను. "ఆ తోట విస్తీర్ణము 40 ఎకరములు."

2. హద్దు: 'మేర' యనగా ఎల్ల. ఊరి 'పొలిమేర'లో ఉన్నది ఈ మాటయే. పూర్వము కళ్లమున గ్రామసేవకులకు కొలిచి యిచ్చు ధాన్యపు వంతును గూడ మేర యనిరి. దీనికి 'కు' చేర్చి వాడుదురు. "ఎవరి శక్తి మేరకు వారు విరాళమిచ్చిరి." "పెద్దల మాట మేరకు పూజ జరిగినది."

3. పాలు: సగమో, ముప్పాతికయో సూచించుటకు 'వరకు' తగును. "రామభజన పాటలు పిల్లలకు చాలవరకు కంఠస్థమైనవి." ఈ 'వరకు' చోటునకు, కాలమునకు గూడ చెల్లును: "డర్బను వరకు", "సాయంకాలము వరకు".

4. ఫలితము: "జబ్బుపడునంతగా శ్రమించెను" అనుట సరియైన తీరు. ఆంగ్లపు వరుసను అనుసరించి "ఆ మేరకు శ్రమించెను, జబ్బుపడెను" అన్నచో వినువారికి అర్థము కాదు. తెలుగున ఫలితము ముందు వచ్చును. ప్రధానక్రియ చివర నిలుచును.

5. నిషేధము: "దానికి వారు ఎంతమాత్రమును అంగీకరింపరు."

అభ్యాసము: "అవ్వ చెప్పు మాటలు నీకు ఎంతవరకు తెలియును?" ఈ ప్రశ్నకు ప్రతి విద్యార్థియు పూర్తి వాక్యమున జవాబు వ్రాయవలెను. "కొంతవరకు తెలియును" అని వ్రాయుటకు సిగ్గుపడనక్కరలేదు. కాని తెలియని భాగము అవ్వతోనే వెళ్లిపోవును. ఇంట తెలుగు పలుకు పెద్దలున్నవారు ఆమెను నేడే అడిగి, దినమునకు ఒక్క మాట నేర్చినను, మరుసటి యేటికి ఆ జవాబు "చాలవరకు తెలియును" అని మారును.