పసుపు కల్లంలో పుట్టే పుస్తకం

చిరంజీవి బిడ్డకు,
ఆర్మూరు నుంచి మీ పెద్దబాపు దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. పిల్లల కోసం బొమ్మల పుస్తకం చేద్దామని కూర్చుంటే ఏమీ తట్టడం లేదని రాశావు. మంచు కురిసే ఊళ్లు, పొగగొట్టాల ఇళ్లు, ఎలుగుబంటి పిల్లలే కళ్లముందు తిరుగుతున్నాయన్నావు. వాటిని చూసి చెయ్యి తిప్పుకోవడం మంచిదే. మాస్కో నుంచి తెలుగులో వచ్చిన సోవియట్ పుస్తకాలు చూసి మా తరం కూడా నేర్చుకుంది. కానీ కథ కోసం మాత్రం నువ్వు మనుషులు పని చేసే చోటికి వెళ్లి నిలబడాలి. మన దగ్గర ఆ చోటు పసుపు కల్లం.

జూన్‌లో పెట్టిన దుంపను జనవరి నుంచి తవ్వడం మొదలుపెడతారు. మట్టి దులిపి కొమ్ము వేరు, గోళ వేరు చేసి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోస్తారు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఇనుప కడాయిల కింద ఎండిన పసుపు ఆకుతోనే మంట పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఆరిన పంటను డ్రమ్ములో వేసి తిప్పి, పైతోలు పోయి నునుపు తేలాక నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతారు.

పసుపు కుప్ప గీయమంటే చాలామంది వెంటనే పసుపుపచ్చ రంగు సీసా మూత తీస్తారు. నువ్వు కల్లానికి వచ్చి చూడు. ఆరబోసిన కొమ్ము మట్టిరంగులో ఉంటుంది. గరుకు తోలు, ముడతలు, అడ్డంగా సన్నటి వలయాలు. దారిన పోయే కొత్తవాళ్లు ఏవో ఎండిన వేళ్లనుకుంటారు. బాగా ఎండిన కొమ్మును రెండు చేతులతో పట్టి విరువు. టక్కున విరుగుతుంది. లోపల గట్టిగా, నున్నగా, మెరుస్తూ నారింజ కలిసిన పసుపు ఉంటుంది. బొమ్మల పుస్తకానికి ప్రాణం పేజీ తిప్పడంలోనే ఉంది బిడ్డా. కుడి పేజీలో రెండు చిన్న చేతులు, మధ్యన మట్టిరంగు కొమ్ము ఉంచు. పేజీ తిప్పగానే రెండు పేజీల నిండా ఆ లోపలి రంగు పరచు. అక్కడ ఒక్క మాట కూడా రాయకు.

అదే పసుపులో తడి సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి అదే. పసుపులోని కర్కుమిన్‌కు క్షారం తగిలితే రంగు మారుతుందని సైన్సు చెబుతుంది. నాలుగేళ్ల పిల్లకు ఆ సంగతి చెప్పనక్కర లేదు. తెలుపు, పసుపు కలిస్తే ఎరుపెట్లా వచ్చిందని పుస్తకం మూసి తానే వంటింట్లోకి పరుగెత్తాలి. ఇంకొకటి చూడు. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికి ఎండేసరికి సుమారుగా ఒక్క క్వింటాలు మిగులుతుంది. మిగతా నాలుగు ఎటు పోయాయి? ఆ ఒక్క ప్రశ్న మీద పుస్తకం నిలబడుతుంది.

ఇట్లాంటి ప్రశ్నలు నిలబడి చూస్తే రావు, కూర్చుని చూడు. ఆరేళ్ల పిల్ల కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తుకు దిగు. ఆ ఎత్తు నుంచి పసుపు కుప్ప మన ఆర్మూరు సిద్దులగుట్టంత ఉంటుంది. కుప్ప మీద పారతో నిలబడ్డ హమాలీ ముఖం కంటే ముందు పాదాలు కనిపిస్తాయి, పసుపంటిన పాదాలు. గుట్ట దగ్గర పెద్దవాళ్లు గుడి చూస్తారు. పిల్లలు ఒకదాని మీద ఒకటి నిలిచిన ఆ నల్లటి బండలు చూసి, వీటిని ఎవరు పేర్చారని అడుగుతారు.

పెద్ద సంగతుల్లో కూడా పిల్లల పుస్తకం ఉంటుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మన నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు. వాళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అని నామినేషన్లు వేశారు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలే కాబట్టి ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. రాజకీయం పక్కన పెట్టి దీన్ని ఒక పిల్ల కళ్లతో చూడు. అమ్మ చేయి పట్టుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్లింది, పోటీలో ఉన్న బాపు గుర్తు ఎక్కడుందో వెతుకుతోంది. ఎన్నికల గుర్తులంటే ఏమిటి? చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టాలని పెట్టిన బొమ్మలు. చాలావరకు ఇంట్లో, వీధిలో కనిపించే వస్తువులే. వెతుకులాట బొమ్మల పుస్తకానికి ఇంతకంటే మంచి పేజీ ఎవరిస్తారు? జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది కాబట్టి చివరి పేజీ కూడా నీకు దొరికినట్టే.

బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం మనకు బయటి నుంచి వచ్చిందనుకోకు. చేర్యాల నకాషీ పటాలు చూశావు కదా? ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఆరాక దాని మీద బొమ్మలు వేస్తారు. వెనకంతా ఎర్రరంగు. పదుల అడుగుల పొడవున గళ్లు గళ్లుగా కథ నడుస్తుంది. ఆ పటం చూపిస్తూ కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. ఒక్కో గడిని చూపించి కథ చెబుతుంటే జనం చూపు తర్వాతి గడి మీద ఉండేది. ఎవరి కథ వాళ్లకే, వాళ్ల ముందే చెప్పేవాళ్లు. మన పిల్లల పుస్తకాల్లో ఇదే పోయింది. 2008లో హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ, ఎప్పుడూ పుస్తకాల్లోకి రాని ఇళ్ల పిల్లల కథలతో ఒక వరుస తెచ్చింది. గోగు శ్యామల వంటివారు అందులో రాశారు. అవి సంపాదించి తప్పక చదువు.

బయటి దేశాల వాళ్లకు కూడా కథలు చేతిలో పని మధ్యనే దొరికాయి. బియాట్రిక్స్ పాటర్ జబ్బుపడిన ఒక పిల్లవాడికి 1893లో బొమ్మలతో రాసిన ఉత్తరమే తర్వాత పీటర్ కుందేలు పుస్తకమైంది. ఎరిక్ కార్ల్ కాగితాల కట్టకు కన్నాలు పొడుస్తుంటే పుస్తకాలు తినే పురుగు గుర్తుకొచ్చింది. గొంగళిపురుగైతే బాగుంటుందని సంపాదకురాలు సలహా ఇచ్చింది. 1969లో అది పుస్తకమై ప్రపంచమంతా తిరిగింది.

ఒక్క విషయంలో నేను కఠినంగా ఉంటాను. చివరి పేజీలో నీతి అతికించొద్దు. కష్టపడితే ఫలితం దక్కుతుందని పసుపు రైతు బిడ్డకు ఎట్లా చెబుతావు? ధర పడిపోయిన ఏడు ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆ పిల్ల చూసింది. నువ్వు చూసింది చూసినట్టు పెట్టు.

ఇప్పుడు పని చెబుతాను. ఏ4 కాగితాలు ఎనిమిది తీసుకుని మధ్యకు మడిచి కుట్టు, 32 పేజీలు వస్తాయి. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా ఆ కొలతలోనే ఉంటాయి. ఇది నమూనాయే కాబట్టి పెన్సిల్‌తోనే వెయ్యి, ఇప్పుడే రంగుల జోలికి పోకు. అయ్యాక నీ గొంతు తెలియని పిల్లను కూర్చోబెట్టి చదువు. ఎక్కడ తన చెయ్యి నీకంటే ముందు పేజీ మీదికి వస్తుందో గుర్తు పెట్టుకో. ఎక్కడ దిక్కులు చూస్తుందో ఆ పేజీ తీసెయ్యి, అది నీకు ఎంత ఇష్టమైనా సరే.

మాఘంలో బయల్దేరి రా. ఫాల్గుణం దాటితే కల్లాలు ఎత్తేస్తారు.

మీ పెద్దబాపు